పొట్ట మీది సంచి, బంతిలో చోటు

ఈ ఉదయం మీరు దొడ్డికి పోయి వచ్చారా?

మొహం చిట్లించకండి. నేనేమీ మిమ్మల్ని తిట్టలేదు. ప్రతి మనిషీ రోజూ చేసే పని గురించి అడిగాను. దేవుడున్నాడా అని అడిగితే మీరు నాతో గంటసేపు వాదిస్తారు. ఈ ప్రశ్న అడిగితే మాత్రం పేజీ తిప్పేద్దామనుకుంటారు. నేనూ అలాగే ఉండేవాణ్ణి. అరవై మూడేళ్లు తలుపు వేసుకుని ఆ పని చేసి, చేతులు కడుక్కుని, దాని ఊసే మరిచి బతికాను. ఇప్పుడు నాకా తలుపు లేదు. నా పొట్ట మీద, బొడ్డుకు కాస్త కింద, ఎడమ పక్కన ఒక సంచి అతికించి ఉంటుంది. నా మలం అందులోకి వస్తుంది. ఎప్పుడు వచ్చేదీ నాకు చెప్పి రాదు.

పెద్దపేగు చివర క్యాన్సర్ అన్నారు. గుంటూరులో ఆపరేషన్. కత్తి పెట్టే ముందు డాక్టరును ప్రశ్నలతో చంపాను. పుండు ఎంత ఉంది, ఎంతవరకు పాకింది, కోయకపోతే ఏమవుతుంది, కోస్తే ఏమవుతుంది. హేతువాదిని కదా, తెలియకుండా సంతకం పెట్టను. ఆయన ఓపికగా చెప్పాడు. చివర్లో, "కింద మూసేసి పొట్ట మీద దారి పెడతాం, అది ఎప్పటికీ అలాగే ఉంటుంది" అన్నాడు. దాని గురించి మాత్రం నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తల ఊపాను. నా సిగ్గు అప్పుడే, ఆ కుర్చీలోనే మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది.

స్టోమా అంటారు దాన్ని. పేగు కొసను పొట్ట బయటికి తెచ్చి, తిరగమడిచి చర్మానికి కుడతారు. పెదవి లోపలి వైపులా ఎర్రగా, తడిగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు. బిగబట్టడం దానికి చేతకాదు. ఆసుపత్రిలో నర్సమ్మ మొదటిసారి సంచి తీసి చూపించినప్పుడు అది దానంతటదే కదిలింది. నేను గోడ వైపు తిరిగాను. నా భార్య తిరగలేదు. వంగి, అప్పుడే పుట్టిన దూడను చూసినట్టు చూసి, "సుబ్బరంగానే ఉండాదే" అంది నర్సమ్మతో.

ఆమెది అర్ధవీడు వైపు గొర్రెల కాపరుల కుటుంబం. నాది మడి కట్టే ఇల్లు. మాది పురోహితుడు లేని దండల పెళ్లి. నన్ను 'నువ్వు' అని పిలవమని పెళ్లినాడే పట్టుబట్టాను. ఆ ఒక్క విషయంలో ఆమె నా మాట ఇంతవరకూ తప్పలేదు.

మార్కాపురంలో మా ఇంటికి వచ్చాక అసలు చాకిరీ మొదలైంది. పొట్టకు అంటించే జిగురుబిళ్లకు స్టోమా కొలతకు సరిగ్గా రంధ్రం కత్తిరించాలి. బిగుతైతే పేగు నొక్కుకుంటుందేమోనని నేను కాస్త వదులుగా కత్తిరించాను. ఆ సందులోంచి మలం చర్మానికి తగిలి, పచ్చిమిరపకాయ నూరి పూసినట్టు మండింది. మంట తగ్గుతుందని నా భార్య కొబ్బరినూనె రాసింది. నూనె మీద జిగురు నిలుస్తుందా? మధ్యాహ్నానికల్లా సంచి ఊడి లుంగీలోకి జారింది. శాస్త్రీయ దృక్పథం గురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చిన మనిషిని, డబ్బాలో పెట్టిన కాగితం మడత విప్పి చదవలేదు. చదివితే ఇది నాకు నిజంగానే వచ్చిందని ఒప్పుకున్నట్టవుతుంది.

మా ఊరి వేసవి మీకు తెలియకపోతే చెబుతాను. పది గంటలకే గోడలు కాలుతాయి. చెమటకు జిగురు కరుగుతుంది. నీళ్లు ట్యాంకరులో వస్తాయి, వచ్చినరోజు డ్రమ్ములు నింపుకోవాలి, మళ్లీ వచ్చేదాకా చెంబు లెక్కన వాడుకోవాలి. సంచి ఖాళీ చేయడానికి మా దొడ్డిలో కూర్చునే కుర్చీ లేదు, నేలలోనే ఉంటుంది. అందుకని గోనెపట్టా పరుచుకుని దాని ముందు మోకాళ్ల మీద కూర్చోవాలి. ఏ దేవుడి ముందూ మోకాలు వంచనని బల్లగుద్ది చెప్పినవాణ్ణి, రోజుకు మూడు నాలుగుసార్లు దొడ్డి ముందు మోకరిల్లుతున్నాను. లేచేటప్పుడు గోడ పట్టుకుంటాను. లేచాక కాసేపు ఏమీ ఆలోచించను. ఆలోచించే ఓపిక ఉండదు.

ఇదంతా శరీరానికి సంబంధించిన సంగతి. శరీరం అలవాటు చేసుకుంటుంది. బుద్ధి చేసిన పని ఇంకా అన్యాయం.

నేను నాకంటూ ఒక బకెట్టు పెట్టుకున్నాను. చెంబు వేరు, తువ్వాలు వేరు, తువ్వాలు ఆరేసే తీగ వేరు. మంచం వరండాలోకి మార్చుకున్నాను. నా భార్య తిన్నాక, నా కంచం నేనే తెచ్చుకుని, గుమ్మం పక్కన కూర్చుని తినేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు. శుభ్రత అనుకున్నాను. ఒకరోజు ఆమె నా తువ్వాలు తీసి తన చీరల తీగ మీద ఆరేసింది. "ముట్టుకోవద్దన్నానా!" అని అరిచాను.

ఆమె తువ్వాలు అక్కడే వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మీ నాయనమ్మ మళ్లా పుట్టినాదిరా దేవుడా."

"దేవుడా అనొద్దు."

"దేవుడా అనగూడదు గాని మడి మాత్రం కట్టచ్చు, అంతేనా? ఆ ముసలామె నన్ను నీళ్లబిందె ముట్టుకోనియ్యలా. నువ్వు నిన్నే ముట్టుకోనియ్యవు. ఆ యమ్మే నయం, దూరంగా పొమ్మన్నా పిలిచి ఇంత అన్నం పెట్టింది."

మడి మీద పుస్తకం రాసినవాణ్ణి. మడి అంటే నీళ్లూ సబ్బూ కాదు, మనిషికీ మనిషికీ మధ్య గోడ అని అందులో రాశాను. ఆమె అన్నది నిజమని తెలిసినా బకెట్టు మార్చలేదు. వాదనలో ఓడిపోయినంత మాత్రాన మనిషి మారడని నాకు ముప్పై ఏళ్ల వాదనలు నేర్పలేదు, ఆ బకెట్టు నేర్పింది.

వాడేసిన సంచులను పాత పత్రికల్లో చుట్టి చెత్తబండికి ఇచ్చేవాణ్ణి. నా వ్యాసాలు అచ్చయిన పత్రికలే. బండి తెచ్చే మునిసిపాలిటీ ఆమె ఒకరోజు పొట్లాన్ని చేత్తో తూచి చూసింది.

"ఏంది సారూ, దినామూ పొట్లమేనా? ఏముండాది ఇందులో?"

"పసిబిడ్డ గుడ్డలమ్మా."

"మీ ఇంట్లో పసిబిడ్డ యాడుండాది? మీరేమన్నా అయినారా?" అని నవ్వుకుంటూ బండి తోసుకుపోయింది.

మనుషుల మలాన్ని మనుషులు ఎత్తే దుర్మార్గం మీద ఎన్నో రాశాను. రాసేటప్పుడు కళ్లు తడిసేవి కూడా. నా మలం నేను ఎత్తుకోవడమే నాకు అవమానంగా తోస్తే, తరతరాలుగా ఇతరులది ఎత్తినవాళ్లను నేను ఏ కళ్లతో చూసినట్టు? ఆ తడి వాక్యాల అడుగున అసహ్యం కూడా ఉందా? ఉంది. రాయడానికి కష్టంగానే ఉంది, కానీ ఉంది.

ఇక గిద్దలూరు సంగతి.

మా హేతువాద సంఘం ముప్పై ఏళ్లుగా ప్రతి వేసవిలో గిద్దలూరు చుట్టుపక్కల ఏదో ఒక పల్లెలో బంతి భోజనం పెడుతుంది. అన్ని కులాలవాళ్లూ ఒకే వరసలో కూర్చుని తినాలి. వంట దళితవాడ ఆడవాళ్లది. దానికి ముందు ఒక ఉపన్యాసం. తొలి రోజుల్లో పెద్దమనుషులు వచ్చి, ఉపన్యాసం విని, చప్పట్లు కొట్టి, విస్తరి వేసేసరికి తలనొప్పి అనో, ఊళ్లో పని ఉందనో జారుకునేవాళ్లు. అది చూసి చూసి ఒక నియమం పెట్టాం. ఉపన్యాసం చెప్పినవాడు బంతిలో మొదట కూర్చోవాలి. అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే మిగతావాళ్లు మొదలుపెట్టాలి. ఆ నియమం పెట్టింది నేనే.

ఆపరేషన్ అయిన ఏడాది ఉపన్యాసం నాదే. సంచి నిండకూడదని ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఏకాదశి ఉపవాసాలను ఎద్దేవా చేసినవాణ్ణి, నా పేగును మోసం చేయడానికి కటిక ఉపవాసం చేశాను. ఖాళీ పేగులో గాలి ఎక్కువ పుడుతుందని నాకు తెలియదు. ఉపన్యాసం మధ్యలో, సరిగ్గా నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, నా పొట్ట మైకు ముందు పెద్దగా మోత చేసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సంచి చొక్కా కింద బెలూనులా ఉబ్బింది. అంతలో బిళ్ల అంచు దగ్గర వెచ్చగా తడి తగిలింది.

"తలనొప్పిగా ఉంది, క్షమించండి" అని మైకు వదిలేసి ఆటో ఎక్కాను. ఆటో మలుపు తిరిగేటప్పుడు చూశాను. పొయ్యి దగ్గర ఒక ముసలామె సంగటి తెడ్డు చేత్తో పట్టుకుని నావైపే చూస్తోంది. నాకు ఆ చూపు పట్టలేదు. నా చొక్కా తడిసిందా లేదా అన్నదే పట్టింది.

తర్వాత ఏడాదంతా సంఘం నుంచి ఒక్క ఫోను లేదు. ఒంట్లో బాగాలేదని విశ్రాంతి ఇస్తున్నారనుకున్నాను. వేసవి దగ్గరపడ్డాక గిద్దలూరు మిత్రుడికి నేనే ఫోను చేశాను. పోస్టుమ్యాన్‌గా రిటైరైన మనిషి, ఈ భోజనాల ఏర్పాటంతా ఆయనే చూస్తాడు. ఈ ఏడు ఏ పల్లె అని అడిగాను.

"పోయినేటి పల్లెలోనే అన్నా. ఈసారి వేరే వాళ్లు మాట్లాడతారులే."

"మంచిదే. ఎవరు వద్దన్నారు నన్ను?"

"ఎందుకులే అన్నా ఇప్పుడు."

"చెప్పు."

"ఆ వాడవాళ్లే వద్దన్నారు. వాళ్లు వండిపెట్టినాక తినకుండా ఆటో ఎక్కి పోయినావు గదా. ఆ సంగటి వండిన పెద్దామె ఏమన్నాదో తెలుసునా? ఉపన్యాసం మా కాడంట, అన్నం వాళ్లింట్లోనంట."

"నాకు నిజంగా తలనొప్పి..."

"అన్నా, తలనొప్పి అంటే నమ్మొద్దని మాకు నేర్పించిందే నువ్వు."

నా కంపు నేను దాచుకుంటున్నాననుకున్నాను. అక్కడ వాళ్లు దాన్ని తమ అన్నం మీద పడిన ఉమ్ముగా చూశారు. తప్పు చూశారని అనలేను. ఈ నేల మీద అన్నం ముందు నుంచి లేచిపోయిన మనిషికి ఒకటే అర్థం ఉంది, ఆ అర్థాన్ని వాళ్లు పుట్టినప్పటి నుంచీ చదువుతున్నారు. ముప్పై ఏళ్లు వాళ్ల బంతిలో తిన్నదంతా ఆ ఒక్క ఆటోతో కొట్టుకుపోయింది. నిజం చెబితే తప్ప అది తిరిగి రాదు. నిజం చెప్పడమంటే చొక్కా ఎత్తడమే. మిత్రుడికి ఫోనులో కూడా చెప్పలేకపోయాను.

ఆ వారమే ప్యాంట్లు కుట్టించడానికి మా బజారులో ఉన్న టైలరు దగ్గరికి పోయాను. పాత ప్యాంటు నడుం సరిగ్గా సంచి మీద బిగుస్తోంది. ఆయన ముసలివాడు, భాయ్ అని పిలుస్తాను. హెర్నియా ఉంది, నడుం పైకి పెట్టి వదులుగా కుట్టమన్నాను. టేపు చుడుతూ ఆయన చేయి ఆగిపోయింది.

"సారూ, ఇది హెర్నియా కాదు."

నేను చొక్కా కిందికి లాక్కున్నాను.

"మా అబ్బాకు ఉండె ఈ థైలీ, ఇట్లాంటి సంచే. నాలుగేండ్లు బతికినాడు దాంతోనే. నాకు తెల్వదా?" గొంతు తగ్గించి ఆ మాటన్నాడు. తర్వాత దారప్పోగు తెంపుతూ మామూలుగా చెప్పాడు. వాళ్ల నాన్న మసీదుకు పోవడం మానేశాడట. కొన్నాళ్లకు ఇమామే ఇంటికి వచ్చి, ఏం చాచా, జుమ్మా నమాజుకు కనబడవు అని అడిగాడట.

"అబ్బా ఏం చెప్పలే. చొక్కా ఎత్తి చూపించినాడు. ఇమామ్ సాబ్ చూసి, ఇదేనా, దీనికి మాఫీ ఉంది, కడుక్కొని వచ్చి లైన్‌లో నిలబడు అన్నాడు. మర్నాటి నుంచి పోయినాడు."

"పక్కన నిలబడేవాళ్లు ఏమీ అనలేదా?"

"ఎందుకనరు సారూ? ఒకాయన ముక్కు మూసుకున్నాడు. అబ్బా ఇంకో పక్క నిలబడినాడు. అయిపాయె."

ఆయన దేవుణ్ణి నేను ఒప్పుకోను. మాఫీ ఇవ్వడానికి పైన ఎవరో ఉన్నారనీ ఒప్పుకోను. కానీ ఆ ముసలాయనకు తన వరసలో చోటు దొరికింది, ఎందుకంటే చొక్కా ఎత్తాడు. నన్ను మాత్రం నా వరసలోంచి ఎవరూ లేపలేదు. నేనే లేచిపోయాను, లేచిపోతూ అవమానాన్ని వంటచేసినవాళ్ల మీదికి నెట్టాను.

భాయ్ ప్యాంటు లోపల సంచి పట్టేలా మెత్తటి బట్టతో జేబు కుట్టి ఇచ్చాడు.

పిలవకుండానే పోయాను. నా భార్య కూడా వచ్చింది. ఈసారి పొద్దున్నే తిన్నాను, మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కేటప్పటికే సంచి ఒకసారి ఖాళీ చేశాను, చేతిసంచిలో రెండు కొత్తవి పెట్టుకున్నాను. పల్లెలో పందిరి కింద ఒక కాలేజీ లెక్చరరమ్మ మాట్లాడుతోంది, బాగానే మాట్లాడుతోంది. అయిపోయాక నా మిత్రుణ్ణి రెండు నిమిషాలు అడిగాను. ఆయన మొహం మాడ్చుకునే మైకు ఇచ్చాడు.

ఎప్పుడూ కాగితం లేకుండా మాట్లాడేవాణ్ణి, ఆరోజు మాటలు కూడగట్టుకోవాల్సి వచ్చింది. "పోయినేడు నాకు తలనొప్పి రాలేదు. అబద్ధం చెప్పాను. ఆపరేషన్ చేసి నా పొట్ట మీద దొడ్డికి సంచి పెట్టారు. ఆరోజు అది కారింది. మీకు కంపు వస్తుందని పారిపోయాను. మీ అన్నాన్ని నేను కాదనలేదు" అన్నాను.

చప్పట్లు లేవు. పొయ్యి దగ్గరి నుంచి ఆ ముసలామె తెడ్డు పక్కన పెట్టి లేచి వచ్చింది.

"పోయినేడు తలనొప్పి అంటివి. ఈ ఏడు సంచి అంటావు. యాడుండాది? సూపియ్యి."

దీనికి నేను సిద్ధంగా లేను. చెబితే నమ్ముతారనుకున్నాను. నమ్మడానికి మాట చాలదని, రుజువు చూపమని ముప్పై ఏళ్లుగా జనానికి చెప్పింది నేనే కదా. చొక్కా పై గుండీ విప్పి ఆగిపోయాను. మిగతావి నా భార్య వచ్చి విప్పింది. ముసలామె వంగి, కళ్లు చికిలించి, దగ్గర నుంచి చూసింది.

"నొప్పా?"

"లేదమ్మా."

"మరి పోయినేడు నోరు నొప్పా? చెప్పింటే ఇన్ని మజ్జిగన్నా తాపి పంపిద్దుము గదయ్యా. ఏడాది పొడుగునా నిన్ను తిట్టుకుంటిమి." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ తిట్లు మాత్రం నేను వాపసు తీసుకోను. పో, కూర్చో. సంగటి చల్లారతాది."

మొదటి చోటు ఆ లెక్చరరమ్మది. నేను వరస మధ్యలో కూర్చున్నాను. నా పక్కనున్నాయన విస్తరి తీసుకుని జానెడు దూరం జరిగాడు. నాకు కోపం రాలేదు. నా పక్క నుంచి నేను జరగడం మానడానికే నాకు ఏడాది పట్టింది. సంగటి, గోంగూర. నాలుగు ముద్దలు తిన్నానో లేదో సంచి బరువెక్కింది. లేచి, పక్కనే ఉన్న బడి దొడ్డికి పోయాను. తలుపు ఉంది, గడియ లేదు. కుళాయి ఉండాల్సిన చోట గోడకు రంధ్రం మాత్రం ఉంది. నా భార్య నీళ్లసీసా లోపలికి అందించి, బయట తలుపు పట్టుకుని నిలబడింది.

"అయినాదా?"

"ఆగు."

"కానీలే, నిదానంగానే కానీ. నేనుండా గదా." బయట ఎండలో ఆమె కాళ్లు మార్చి మార్చి చెప్పులు నేలకు ఆనిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమెకూ మోకాళ్ల నొప్పులే.

తిరిగి వచ్చి బంతిలో కూర్చుని మిగిలింది తిన్నాను. ఇంటికి వచ్చాక నా బకెట్టు నేనే తీసి ఆమె బకెట్టు పక్కన పెట్టాను. దీన్ని గెలుపు అనకండి. రేపు పొద్దున మళ్లీ గోనెపట్టా, మళ్లీ మోకాళ్లు, మళ్లీ ట్యాంకరు కోసం ఎదురుచూపు. ఇది రాస్తూనే రెండుసార్లు లేచాను. అలసిపోయాను.

కాబట్టి మిగిలిన పని మీరు చేయండి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఈమధ్య పెళ్లికి పిలిచినా, బంతికి పిలిచినా తలనొప్పి అంటున్న మనిషి ఉంటే, ఇవాళే వెళ్లి అసలు సంగతేంటని అడగండి. చెబితే, ఈ వ్యాసం మొదటి వాక్యం చదివి చిట్లించినట్టు మొహం చిట్లించకండి. తర్వాత మీ ఊరి బడికి, బస్టాండుకు, కల్యాణమండపానికి వెళ్లి దొడ్డి తలుపు లోపలి నుంచి వేసి చూడండి. వేసుకోలేకపోతే సంబంధించినవాణ్ణి నిలదీయండి. కుళాయి పెట్టించండి. నాకు మీ జాలి వద్దు, చప్పట్లు అసలే వద్దు. ఆ తలుపుకు గడియ పెట్టించండి.